నాన్న తద్దినానికి శ్రీకూర్మం

శుక్రవారం, విజయనగరం

విశాఖపట్నంలో తెల్లారి బయల్దేరితే శ్రీకూర్మం వెళ్లి చీకటి పడకముందే ఇంటికి వచ్చేయొచ్చు. అయినా నేను శుక్రవారమే బండెక్కాను. నాన్న తిథి ఆదివారం. ఏటా తద్దినం పెట్టే మా తమ్ముడికి ఈసారి వీసా కాగితాల పని తెమలక రావడం కుదరలేదు. ‘మఠంలో డబ్బు కట్టేస్తే వాళ్లే జరిపించేస్తారు’ అని ఒకరు చెప్పారు. ‘పెదనాన్న కొడుకున్నాడు కదా, వాడి చేతికి దర్భ ఇస్తే సరిపోతుంది’ అని ఇంకొకరు అన్నారు. రెండూ ఆచారం ఒప్పుకునే దారులే. నాన్నకి కూతుర్ని నేనుండగా ఆ రెండూ నాకు ఒంటబట్టలేదు. ‘అప్పా, నువ్వే పెట్టు’ అని తమ్ముడు ఒక్క మాటలో తేల్చేశాడు. పెట్టేది నేనే అయ్యాక, ఏదో పని ముగించుకున్నట్టు ఒక్కపూటలో వెళ్లి రావడానికి మనసొప్పలేదు. నాన్న తిరిగిన ఊళ్లమీదుగా వెళ్లాలనుకున్నాను.

కొత్తవలస దాటాక పట్టాలకి రెండువైపులా వరి పండబారి ఉంది. కార్తీకంలో మా ప్రాంతం చూడాలంటే పగటి బండిలోనే చూడాలి. వానలు తగ్గి చెరువులు నిండుగా ఉంటాయి, తాటిచెట్ల నీడలు నీళ్లలో పడుతుంటాయి, కోతలు ఇంకా మొదలవవు.

విజయనగరం కోట 1713లో కట్టారు. విజయ నామ సంవత్సరం, విజయదశమి, జయవారమైన మంగళవారం కలిసొచ్చిన రోజు చూసి పునాది వేశారని ఇక్కడ చిన్నపిల్లలు కూడా చెబుతారు. పైడితల్లమ్మ జాతరలో సిరిమాను తిరిగేది కూడా దసరా వెళ్లిన మంగళవారమే. రోజు చూసుకుని పని చేసే ఊరిది. నాన్న కూడా అంతే. పంచాంగం చూడకుండా కొత్త చెప్పులు కూడా తొడిగేవాడు కాదు. కూతురు తద్దినం పెడుతుందంటే ఆయనే ఏమనేవాడో అన్న ఆలోచన దారిపొడుగునా నన్ను వదల్లేదు. తన తల్లిదండ్రుల తద్దినాలు ఒక్క ఏడు కూడా తప్పకుండా, ఉపవాసం ఉండి పెట్టిన మనిషి. ఆ శ్రద్ధ ఆయన్ని చూసే నేర్చుకున్నాను.

మధ్యాహ్నం గురజాడ అప్పారావు గారి ఇంటికి వెళ్లాను. ఇప్పుడది స్మారక మందిరం. చిన్నప్పుడు నాన్న చెయ్యి పట్టుకుని వచ్చిన చోటే. అప్పుడు నాకు నవ్వొచ్చే మనుషులున్న నాటకం రాసినాయన ఇల్లని మాత్రమే తెలుసు. పెద్దయ్యాక ‘కన్యాశుల్కం’ మొదటి కూర్పుకి ఆయన ఇంగ్లీషులో రాసిన ముందుమాట చదివాను. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్ల జాబితా మహారాజా ఆనంద గజపతి తయారు చేయించారట. 1,034 తేలాయి. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది. ఏడాది వయసు పిల్లలు ముగ్గురు, వాళ్లకి పలికిన ధర మూడున్నర వందల నుంచి నాలుగు వందల రూపాయలు. ఆ అంకెలు చదివాక ఆ నాటకంలోని నవ్వు నాకు మునుపటిలా వినపడలేదు. ఇలా పిల్లల్ని అమ్మినవాళ్లు దొంగలూ దుర్మార్గులూ కారు. పెద్దలు చేసిందే చేస్తున్నామనుకున్న గృహస్థులు, తిథి వార నక్షత్రాలు చూసి ముహూర్తాలు పెట్టుకున్నవాళ్లు.

నాటకం 1892లో ఈ ఊళ్లోనే ఆడారు. 1897లో అచ్చయింది. ఆ తర్వాత గురజాడ దాన్ని చాలామటుకు తిరగరాసి 1909లో మళ్లీ అచ్చేయించారు. మొదటి దానికే మంచి పేరొచ్చింది, అక్కడితో ఊరుకున్నా అడిగేవాళ్లు లేరు. అయినా పన్నెండేళ్ల తర్వాత అంతకు రెట్టింపు నాటకాన్ని జనం ముందు పెట్టారు. పాతదాన్ని కాదన్న మనిషి దానికి బదులు పెట్టేదాన్ని ఎంత ఒళ్లు దగ్గరపెట్టుకుని చేశాడో అనుకుంటూ ఆ గదుల్లో చాలాసేపు ఉన్నాను.

రాత్రి మా మేనత్త ఇంట్లో బస. ఆమె నాన్నకి చెల్లెలు, నాకు చిన్నప్పటి నుంచీ జడలు వేసిన మనిషి. భోజనాలయ్యాక మొదలుపెట్టింది.

“ఏటే అమ్మడూ, ఆడపిల్ల పిండం పెట్టడం మనింటా వంటా ఉందేటి? మారింటి గోత్రం అయిపోయినదానివి. అన్నయ్యకి చేరతాదా అది?”

“నువ్వు రాఖీ కట్టినప్పుడు చేరలేదా అత్తా? మారింటి గోత్రమే కదా నీదీను.”

“దానికీ దీనికీ పోలికేటి?”

వాదించడానికి నాకు మనస్కరించలేదు. ఆమె అడిగింది ప్రేమ కొద్దీ. అన్నయ్య ఆకలితో ఉండిపోతాడేమోనన్నదే ఆమె బెంగ. కాసేపాగి, పరీక్ష పెట్టినట్టు, “సరే, పెడతానంటన్నావు. మూడు తరాల పేర్లూ చెప్పు” అంది. నాన్న పేరు, తాతయ్య పేరు, ముత్తాత పేరు చెప్పాను. ఏటా పక్కగదిలో కూర్చుని వింటూ పెరిగినవే. పురుషుల వరస అయిపోయాక తాతమ్మ పేరు దగ్గర ఆగాను. ఆ పేరు నాన్న పలికేటప్పుడు గొంతు తగ్గించేవాడు, నాకెప్పుడూ సరిగా వినపడలేదు. అత్త లేచి గిన్నెలు సర్దుకుంటూ, నాకేసి చూడకుండానే, ఆ పేరు చెప్పింది. రెండోసారి నిదానంగా, పొల్లు లేకుండా చెప్పింది. నేను రాసుకున్నాను.

శనివారం, పొందూరు

పొద్దున్నే పలాస వైపు వెళ్లే బండి. నెల్లిమర్ల రాగానే కిటికీ వైపు జరిగాను. నాన్న పనిచేసింది ఇక్కడి జూట్ మిల్లులో, టైమాఫీసులో. షిఫ్టు కూత వినపడగానే మా వీధిలో పొయ్యిలు వెలిగేవి. ఆయన చొక్కాలకి గోనె నార వాసన ఎన్ని ఉతుకులకీ పోయేది కాదు. ఏడాది పొడుగునా ఆ చొక్కాలే. ఉగాదినాడు మాత్రం పెట్టెలోంచి పొందూరు పంచె తీసేవాడు. అంచు చెదరకుండా మడత విప్పి, కట్టుకుని, సాయంత్రం మళ్లీ అదే మడతల్లో పెట్టేసేవాడు. తద్దినంలో బ్రాహ్మడికి పంచె దానమివ్వాలి. పట్నంలో ఆ సామాన్లన్నీ కలిపి కట్టి అమ్ముతారు, అందులో వచ్చే పంచె దూదిపట్టీలా ఉంటుంది. నాన్న పేరు మీద ఇచ్చేది పొందూరు పంచే అవ్వాలని నా పట్టుదల. చీపురుపల్లి, సిగడాం దాటాక పొందూరు.

వడికే ఇల్లు చూపించమని అడిగితే ఒకమ్మాయి సందులోకి తీసుకెళ్లింది. అరుగు మీద ఓ పెద్దావిడ కొండపత్తి ముందేసుకుని కూర్చుంది. ఆమె చేతిలో ఉన్నది వాలుగ చేప దవడ. సన్నటి పళ్లు వరసగా, దువ్వెనలా ఉన్నాయి. దాన్ని కర్రకి కట్టి, గింజతో ఉన్న పత్తిని దాంతో దువ్వుతారు. నలకా తుక్కూ పోయి పోగులు వరసకొస్తాయి. ఆ తర్వాతే గింజ తీయడం, ఏకడం, ఏకులు చుట్టడం. అప్పటిగ్గానీ రాట్నం దగ్గరికి రాదు. గాంధీగారు ఈ నేత సంగతి విని తన కొడుకు దేవదాసు గాంధీని చూసి రమ్మని పంపారు. వంద నంబరంత సన్నటి నూలు ఇంత మామూలు అరుగు మీద, ఇలాంటి వేళ్లలోంచి వస్తుందంటే ఎవరికైనా చూసి రావాలనే అనిపిస్తుంది.

“మిషను దువ్వెన పెట్టకూడదా మామ్మా?” అని అడిగాను.

“ఎట్టొచ్చు. పోగు తెగిపోద్దమ్మా. ఈ దవడ పన్ను మెత్తన, పత్తిని నొప్పించదు. ఇలాగ పట్టుకో, నువ్వూ లాగి సూడు.”

దువ్వాను. పత్తి నా వేళ్లకి చుట్టుకుంది. ఆవిడ నా మణికట్టు పట్టుకుని వంపు సరిచేసింది. ఏళ్ల తరబడి ఇక్కడ వడికిందంతా ఆడవాళ్లే. ఆ నూలు పంచె అయ్యి, మగవాళ్ల ఒంటి మీదికీ, పౌరోహిత్యం చేసేవారి చేతుల్లోకీ వెళుతుంది. శ్రాద్ధంలో ఆడవాళ్ల చెయ్యి ఉండదంటారు. వంట వాళ్లదే, పంచె నూలూ వాళ్లదే, ముందురోజు ఇల్లు కడిగిందీ వాళ్లే. మంత్రం చెప్పే పీట ఒక్కటే మిగిలింది. ఇది ఆ అరుగు మీదే అనిపించింది, ఆవిడకీ చెప్పాను. ఆవిడ రాట్నం వైపు జరుగుతూ, “మా ఆయన పోయినప్పుడు కొడుకులు లేరు, మా అల్లుడు సేసినాడు. కూతురు గుమ్మంలో నిలబడి ఏడిసింది” అంది.

పంచె కొన్నాను. ఎర్ర అంచుది. ధర ఎక్కువే. చేతిలోకి తీసుకున్నాక బేరమాడాలనిపించలేదు. ఇంకో బండెక్కి ఆమదాలవలసలో దిగి, ఆటోలో శ్రీకాకుళం చేరేసరికి సాయంత్రమైంది. నాగావళి వంతెన మీద కార్తీక దీపాలు వదిలేవాళ్ల గుంపు. గది తీసుకుని ఒంటిపూట భోజనంతో పడుకున్నాను. రేపు పెట్టేవాళ్లు ఈ రాత్రి పలహారమే తినాలని నాన్న నియమం. నేను అదీ పాటించాను, ఇడ్లీ తిన్నాను.

ఆదివారం, శ్రీకూర్మం

ఈ పురోహితుణ్ణి ముందే ఫోనులో వెతికి పట్టుకున్నాను. అంతకుముందు అడిగిన వాళ్లలో ఒకాయన మర్యాదగానే కాదన్నారు, ఇంకొకాయన నా మాట పూర్తవకుండానే పెట్టేశారు. ఈయన మాత్రం అడగాల్సినవన్నీ అడిగారు. తమ్ముడు బతికే ఉన్నాడా, ఒప్పుకున్నాడా, మా వారికి అభ్యంతరం లేదు కదా, నాకు శ్రద్ధ ఉందా. చివరి ప్రశ్న ఆయన అడిగిన తీరు నాకు నచ్చింది. “శ్రద్ధతో పెట్టేదే శ్రాద్ధమమ్మా. నాకు తెలిసిన పద్ధతిలో చేయిస్తాను. ఎవరైనా తప్పంటే నాతో మాట్లాడమనండి” అన్నారు.

గుడి ఊళ్లోనే ఉంటుంది. కూర్మావతారానికి గుడి అనగానే అందరికీ గుర్తొచ్చేది ఈ ఊరే. ఇక్కడ స్వామి పడమటికి తిరిగి ఉంటాడు. గుళ్లు తూర్పుకి ఉండడం పరిపాటి. అందుకే శ్రీకూర్మంలో ధ్వజస్తంభాలు రెండు, తూర్పున ఒకటి, పడమట ఒకటి. చిన్నప్పుడు నాన్నని అడిగాను, దేవుడు ఇటెందుకు తిరిగాడని. ఆయన ఏదో భక్తుడి కథ చెప్పి, “ఎటు తిరిగినా దణ్ణం దణ్ణమే” అన్నాడు. ఆ మాట ఇవాళ నాకు పనికొచ్చింది.

శ్వేత పుష్కరిణి మెట్ల మీద అప్పటికే చాలా కుటుంబాలున్నాయి. పితృకర్మలకి ఇక్కడికి ఒడిశా నుంచి కూడా వస్తారు. అన్నీ మగవాళ్ల వీపులు, తడి పంచెలు, వెనకాల గట్టు మీద సంచులు పట్టుకుని ఆడవాళ్లు. నేను మునిగి, తడి చీర మీద పొడి పైట చుట్టుకుని పీట మీద కూర్చోగానే పక్క వరసలో మాటలాగాయి. ఒక ముసలాయన తన పురోహితుడితో గట్టిగానే, “ఇదేటి, ఇక్కడిలాగ కూడా సేయిస్తన్నారా?” అన్నాడు. మా పురోహితుడు వినపడనట్టు దర్భలు సర్దారు. నా ఒంట్లో వణుకు చలిదా మరోదా తెలీలేదు.

“జంధ్యం లేదు కాబట్టి దాన్ని అటూ ఇటూ మార్చుకునే సవ్యాపసవ్యాలు మీకు లేవమ్మా. దర్భ ఉంగరం పెట్టుకోండి. సంకల్పంలో మీ పేరు మీ వారి గోత్రంతో వస్తుంది. నాన్నగారికి మాత్రం ఆయన గోత్రంతోనే” అన్నారు. ప్రతి మంత్రం ముందు దాని భావం మామూలు తెలుగులో చెప్పారు. నువ్వులూ నీళ్లూ దోసిట్లో తీసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యగా వదలాలి. దేవుళ్లకి వేళ్ల కొసల నుంచి, పితరులకి ఈ పక్క నుంచి. నాన్న చేతులు ఇలా వంగడం వందసార్లు చూశాను. నా చెయ్యి అదే వంపు తిరిగింది. మొదటి దోసిలి వదిలాక నాన్న పేరు నా గొంతులోంచి బయటికి రావడానికి కొంత సేపు పట్టింది. పురోహితుడు తొందరపెట్టలేదు.

తాతమ్మ దాకా వచ్చాం. ఆయన ఆగి నాకేసి చూశారు. అత్త చెప్పిన పేరు పొల్లు లేకుండా చెప్పాను. ఆ పేరు ఇంత గట్టిగా, ఇంతమందిలో, ఎన్నేళ్లకి పలికారో.

పిండాలు నీళ్లలో కలిపి వచ్చాక స్వయంపాకం, పంచె ఇచ్చాను. బియ్యం, పెసరపప్పు, అరటికాయలు, బెల్లం. ఆయన పంచె అంచు వేలితో తడిమి, “పొందూరుదా అమ్మా?” అన్నారు. అవునన్నాను. అంతవరకూ తల తిప్పి కూర్చున్న ముసలాయన అప్పుడే లేచి వెళుతూ ఆగాడు. నన్ను దీవించలేదు, తిట్టలేదు. “మీ నానకి కొడుకులు లేరా అమ్మా?” అని అడిగాడు. “ఉన్నాడు తాతా, దూరంలో ఉన్నాడు. నేను దగ్గరలో ఉన్నాను” అన్నాను. తలూపి వెళ్లిపోయాడు. ఒప్పుకున్నాడని నేను అనుకోవడం లేదు. విన్నాడు, అది చాలు నాకు.

ఆస్తి విషయంలో మన రాష్ట్రం కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ 1986లోనే చట్టం చేసింది. 2005లో దేశమంతా అదే వచ్చింది. పొలం గట్టు మీద నిలబడ్డానికి మాకు హక్కొచ్చి ఇన్నాళ్లయింది, ఈ గట్టు మీదే ఇంకా సంచి పట్టుకుని నిలబడుతున్నాం. పిండం కూడా హక్కే అనడం లేదు నేను. అది రుణం. అప్పు తీర్చే భాగ్యం మాకెందుకు వద్దంటారన్నదే నా ప్రశ్న.

తర్వాత గుళ్లోకి వెళ్లాను. మండపంలో నల్లరాతి స్తంభాలు ఒకదాని పోలిక ఒకదానికి లేదు. వాటి నిండా శాసనాలు. 1281 నాటిది, మధ్వ సన్యాసి నరహరితీర్థులది కూడా ఉంది. ఎవరో అఖండదీపానికి ఇచ్చిన దానం, ఎవరి పుణ్యానికో చెక్కించిన పేరు. పేరు నిలబెట్టుకోవాలన్న ఆరాటం ఏడు వందల ఏళ్ల కిందటా ఇంతే. ప్రదక్షిణ దారి గోడల మీద రంగుల బొమ్మలు అక్కడక్కడా వెలిసిపోయాయి. బయట నక్షత్ర తాబేళ్లకి తోటకూర వేసి, నీడలో కూలబడ్డాను. మధ్యాహ్నం ఒక్కదాన్నే అరిటాకులో తద్దినం భోజనం. ఆ ఊరి వంటావిడ చేసిపెట్టిన గారెలు, పరవాన్నం, నువ్వుల పచ్చడి. నాన్నకి గారె అంచు కరకరలాడాలి. కరకరలాడింది.

సాయంత్రం అత్త ఫోను చేసింది. ఎలా జరిగిందని అడగలేదు. “ఎంతసేపు పట్టింది? మోకాళ్ల మీద కూచోవాలేటి?” అంది. పీట వేస్తారు, బాసిపట్టు వేసుకుంటే చాలు అన్నాను. “మా ఆడపిల్లలకి బాసిపట్టు రాదు, కుర్చీల్లో పెరిగినవాళ్లు” అంది. అత్తకి ఇద్దరూ కూతుళ్లే. ఇంకేమీ అనకుండా వంకాయల ధర దగ్గరికి వెళ్లిపోయింది.

సోమవారం, ముఖలింగం

కార్తీక సోమవారం. బస్సులో కాలు పెట్టే చోటు లేదు. వంశధార ఇసుకలో తెల్లారగట్ల నుంచీ స్నానాలు. శ్రీముఖలింగంలో మధుకేశ్వరుడు ఇప్పచెట్టు మొదట్లో వెలిశాడని, శబరులకి మొదట కనపడ్డాడని కథ. కొండల మీది నుంచి వచ్చిన సవర కుటుంబాలు ఇవాళ కూడా వరసలో ఉన్నాయి. వాళ్లు తమలో తాము మాట్లాడుకుంటుంటే నాకు గిడుగు రామమూర్తి గారు గుర్తొచ్చారు. ఆయన పుట్టిన పర్వతాలపేట ఈ వంశధార ఒడ్డునే, 1863లో. విజయనగరంలో గురజాడతో కలిసి చదువుకున్నారు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, ఆ పిల్లలకి ఆ భాషలోనే చదువు చెప్పించాలని తిరిగారు. ఆయన రాసిన సవర భాషా వ్యాకరణం 1931లో అచ్చయింది.

తెలుగులో ఆయన చేసిన పోరాటం అందరికీ తెలిసిందే. ఇంట్లో ఎవరూ మాట్లాడని భాషని బడి పుస్తకాల్లో ఎందుకు పెడతారని అడిగారు. పండితులు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. ఈ గుడి ఆవరణలో నిలబడితే నాకు ముఖ్యమనిపించే సంగతి వేరే ఉంది. ఆయన శాసనాలు చదవడం సొంతంగా నేర్చుకున్నారు. ముఖలింగమే పాత గంగరాజుల కళింగనగరమని వాదించి రాశారు. పాత వ్యాఖ్యానాలూ శాసనాలూ తవ్వి, వాడుక మాట మన పెద్దలే రాశారని వాళ్ల రాతల్లోంచే చూపించారు. సంప్రదాయాన్ని కాపాడుతున్నామన్న వాళ్లకంటే దాన్ని ఎక్కువగా చదివిన మనిషి ఆయన. నిన్న పుష్కరిణి దగ్గర ప్రతి మంత్రానికీ తెలుగులో భావం చెప్పించుకున్నప్పుడు, ఆ పక్క వరసల్లో ఎవరూ అలా అడగడం లేదని గమనించాను. అడిగితే చెప్పేవారే. అడిగే అలవాటు పోయింది.

దర్శనానికి రెండు గంటలు పట్టింది. భీమేశ్వరాలయం, సోమేశ్వరాలయం కూడా చూశాను. సోమేశ్వరాలయం ఊరి మొదట్లో ఒంటరిగా ఉంటుంది, గోడల మీది శిల్పాలు చూడ్డానికైనా అక్కడ దిగాలి. ఇసుకలో నడిచి, టీ తాగి, శ్రీకాకుళం బస్సుకోసం నిలబడ్డాను.

అక్కడుండగా తమ్ముడు ఫోను చేశాడు. వాళ్లకి రాత్రి చాలా పొద్దుపోయింది. ఏ పేరు తర్వాత ఏ పేరు వచ్చిందో వరసగా చెప్పించుకున్నాడు, తాతమ్మ పేరు రాసుకున్నాడు. వచ్చే ఏడు తప్పకుండా వస్తానన్నాడు. రమ్మన్నాను. “అప్పా, ఇద్దరం పక్కపక్కన కూర్చుంటే ఒప్పుకుంటారా?” అని అడిగాడు. పురోహితుడి నంబరు పంపి, నువ్వే అడుగు అన్నాను. పంచె డబ్బు మాత్రం సగం సగం వేసుకుందామన్నాడు, దానికి నేను ఒప్పుకోలేదు. బస్సు వచ్చేదాకా దాని మీదే వాదించుకున్నాం.